దేశాటనము చేసిన నటుని జాబులు

కవి గతించినను కావ్యము నిలుచును. శిల్పి గతించినను విగ్రహము గుడిలో పూజలందుకొనుచుండును. నటునకు మాత్రము అట్టి భాగ్యము లేదు. తెర దిగి, దీపములార్పి, జనులు చాపలు చుట్టుకొని యిండ్లకు పోవుటతో ఆతని సృష్టి సమాప్తము. భవభూతి మహాకవి నటులతో తనకు సహజమైన మైత్రి కలదని తన నాటక ప్రస్తావనయందు చెప్పించెను. ఆ కవి నాటకములు మూడును నేటికిని చదువబడుచున్నవి. ఆ మిత్రులైన నటుల పేళ్లు మాత్రము దక్కలేదు.

ఈ లోపము కొంత తీరిన సందర్భమొకటి పాశ్చాత్య దేశమున కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రథమగణ్యుడని పేరొందిన నటుడు ఎడ్విన్ బూత్. ఆతడు 1833 నవంబరు 13వ తేదీన మేరీలాండు రాష్ట్రమున ఒక పల్లెటూరి పొలమునందలి యింట జన్మించి, 1893 జూన్ 7వ తేదీన న్యూయార్కు నగరమున మరణించెను. 1849 మొదలు 1891 వఱకు రంగస్థలముపై నుండెను. ఆ కాలములో పెద్ద భాగము ఊరూర తిరుగుటలోనే గడచెను. ఆ తిరుగుటయే ఆతని జాబులకు మూలము. ఇంట నున్నవాడు ఇంటివారికి జాబు వ్రాయడు గదా!

జాబునకు ఒక గుణము కలదు. తలకట్టున ఊరి పేరు, తేదీ ఉండును. వ్రాసినవాడు ఆనాడు ఏమనుకొనెనో అదియే అందుండును. తరువాత బుద్ధిపుట్టి దిద్దుకొన్నది కాదు. ఆత్మకథలు వ్రాయువారు ముదిమియందు కూర్చుండి గడచిన దినములను తీర్చిదిద్దుదురు. జాబు అట్లుకాదు. గ్రామచరిత్రకు రాజుల శాసనములకంటె దండకవిలె యెక్కువ పనికివచ్చిన సందర్భములు లేకపోలేదు. అట్లే బూత్ చరిత్రకు అతని స్తుతిపాఠకులు వ్రాసిన గ్రంథములకంటె అతని చేవ్రాలే నమ్మదగిన సాక్ష్యము.

ఆతని తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ లండనునుండి 1821లో అమెరికాకు వలసవచ్చిన గొప్ప నటుడు. ప్రతిభతోపాటు మద్యపానము, అప్పుడప్పుడు మతిచాంచల్యము ఆయనకుండెను. ఆయన వ్రాసిన జాబొకటి విచిత్రమైన చరిత్ర కలది. 1835 జులై 4వ తేదీన ఆయన దేశాధ్యక్షుడైన ఆండ్రూ జాక్సనుకు, మరణశిక్ష పడిన యిద్దరిని క్షమింపకున్న నిదురించునపుడు గొంతు కోసెదనని బెదరించుచు వ్రాసెను. అది ఎవరో ఆయన పేరు పెట్టి వ్రాసిన కూటలేఖయని బహుకాలము తలచిరి. 2009లో జాక్సను పత్రములను పరిశోధించు పండితులు దస్తూరీ పోల్చి అది జూనియస్ బూత్ స్వహస్తమున వ్రాసినదే యని తేల్చిరి. మతి తప్పిన వేళ వ్రాసిన వ్రాతయే కావచ్చును. కాని ఆ బెదరింపు జరిగిన ముప్పదియేండ్లకు ఆ యింటి బిడ్డయే మఱియొక అధ్యక్షుని నిజముగా చంపెనని తెలిసినవారికి ఆ కాగితము చూచినపుడు ఒడలు జలదరింపక మానదు.

ఎడ్విన్ పదునాలుగేండ్ల ప్రాయమునకే బడి మాని తండ్రివెంట తిరుగవలసివచ్చెను. నాటకము నేర్చుకొనుటకు కాదు; తండ్రిని కాచుటకు. రాత్రి ఆట ముగిసిన పిమ్మట ఆయన మద్యశాలలకు పోకుండ చూచుట, పోయిన వెదకి తెచ్చుట, తెల్లవారినంతనే ప్రయాణమునకు సిద్ధము చేయుట ఆ పిల్లవాని కొలువు. తండ్రికి కొడుకు కావలి యగుట లోకమున జరుగునదే. అయితే పసితనమున జరుగరాదు. 1849 సెప్టెంబరులో బోస్టను నగరమున తండ్రి ప్రక్కనే చిన్న పాత్ర ధరించి తొలిసారి రంగమెక్కెను.

1852లో తండ్రీకొడుకులు కాలిఫోర్నియాకు పోయిరి. అక్కడ బంగారు గనులు బయటపడిన కాలమది. తండ్రి కొలదికాలమునకే తిరుగుముఖము పట్టెను. కొడుకు అక్కడనే నిలిచెను. ఆ యేటి నవంబరు 30వ తేదీన తండ్రి మిసిసిపీ నదీమార్గమున పొగయోడలో ప్రయాణించుచు కావలివాడెవడును దగ్గఱ లేక మరణించెను. ఆ వార్త కొడుకునకు వెంటనే చేరలేదు. కొండలలోని గనుల యూళ్లలో ఆడుచు, మంచు కురిసి దారులు మూసికొనిపోగా అన్నమునకు వెదకులాడుకొనుచున్న సమయమున తపాలావాడు ఒక జాబు తెచ్చెను. దానితో ఆ సంగతి తెలిసెను. వెంట తాను లేకపోవుటవలననే తండ్రి పోయెనను చింత ఆతనికి కడవఱకు తీరలేదు. అటుపైన ఆస్ట్రేలియా వఱకు తిరిగి, 1856లో తూర్పు రాష్ట్రములకు వచ్చి, తండ్రి ధరించిన పాత్రలనే ధరించి పేరు సంపాదించెను. తండ్రినుండి సంక్రమించిన మద్యపానమును మాత్రము అప్పటికి విడువలేకపోయెను.

1860 జులైలో ఆతడు మేరీ డెవ్లిన్ అను నటిని వివాహమాడెను. పెండ్లికి పూర్వమే ఆమె రంగస్థలము విడిచెను. ఆమె ఆతనికి వ్రాసిన జాబులు 1987లో గ్రంథరూపమున వెలువడినవి. వానిని ప్రేమలేఖలనుటకంటె నాట్యోపదేశములనుట న్యాయము. పూర్వపు నటులు గొంతెత్తి అఱచుటయే నటనమనుకొనిరని, మనుష్యులు ఇంటిలో మాటలాడుకొనునట్లు సహజముగా పలుకుటయే ఇకముందు జనులకు నచ్చునని ఆమె బోధించెను. ఇరువదేండ్లయినను దాటీదాటని యా పడుచు చెప్పిన మార్గముననే బూత్ నడచి యశము గాంచెను. తండ్రి యుఱుము వంటి గొంతుతో జనమును గెలిచినవాడు. కొడుకు మెల్లని మాటతో గెలిచినవాడు. ఆ భేదమునకు మూలము కొన్ని కాగితములని నేడు తెలియుచున్నది.

వారికి 1861 డిసెంబరులో లండను నగరమున కుమార్తె పుట్టెను. తండ్రి పేరునే స్త్రీలింగము చేసి ఎడ్వీనా యని పిలిచిరి. ఇక జరిగినది చెప్పుటకు కష్టమైనను చెప్పక తప్పదు. ఈ జాబుల కథకంతటికిని కీలకమదియే.

1863 ఫిబ్రవరిలో మేరీ బోస్టను సమీపమున డార్చెస్టరు అను నూర జబ్బుపడి యుండెను. భర్త న్యూయార్కులోని వింటర్ గార్డెన్ నాటకశాలలో ఆడుచుండెను. ఆ దినములలో ఆతడు మితిమీరి త్రాగుచు, రంగముపై సరిగా నిలువలేని స్థితిలో నుండెను. భార్యకు ప్రమాదముగా నున్నదని తంతి వచ్చెను. ఒకటి కాదు, వెంటవెంటనే వచ్చెను. అవి వేషము వేసికొను గదిలో విప్పక పడియుండెనని ఆతని జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మైకము దిగి, సంగతి తెలిసి, రైలుబండి పట్టుకొని ఆతడు చేరునప్పటికి ఫిబ్రవరి 21వ తేదీ. మేరీ అప్పటికే కన్నుమూసెను. బిడ్డకు పదునాలుగు మాసములు.

తండ్రి చావునాడు దగ్గఱ లేడు. అది ఆతని తప్పు కాదు. భార్య చావునాడు లేకపోవుట ఆతని తప్పే. ఆ సంగతి ఎవరును ఆతనికి చెప్పనక్కఱలేకపోయెను. ఆడమ్ బాడో అను మిత్రునకు ఆ సంవత్సరమున ఆతడు వరుసగా జాబులు వ్రాసెను. రంగముపై హామ్లెట్టు వేషమున తండ్రికొఱకు విలపించి వేలజనమును కన్నీరు పెట్టించినవాడు, తన దుఃఖమును వ్రాయబోయినపుడు మాటలకు తడుముకొనెను. వాక్యము సగములో తెగును. చెప్పినదే మరల చెప్పును. గతించిన భార్య యాత్మ తన చెంతనే యున్నదని ఒక జాబున నమ్మును, మఱియొక జాబున సందేహించును. అలంకారము లేదు. రామభద్రుని శోకము పుటపాకమువలె లోలోననే క్రాగెనని భవభూతి వర్ణించినది చదివినవారికి ఈ జాబుల స్థితి సుబోధము. ఆతడు మద్యపానమును అంతటితో మానెను. రంగస్థలమును గూడ కొంతకాలము విడిచెను. బిడ్డను పెంచవలెను గనుక తిరిగి యెక్కెను.

1864 నవంబరు 25వ తేదీన ముగ్గురు బూత్ సోదరులును కలిసి ఒక్క రాత్రి జూలియస్ సీజరు నాటకమాడిరి. మరునాటినుండి ఎడ్విన్ హామ్లెట్టు పాత్ర పట్టి వరుసగా నూఱు రాత్రులు ఆడెను. డెన్మార్కు రాజకుమారుడొకడు, తండ్రిని చంపినవాడు తన పినతండ్రియేయని తండ్రి ప్రేతము చెప్పగా, చంపుటకును మానుటకును నడుమ తల్లడిల్లు కథ అది. హామ్లెట్టు నాటకమును నూఱు రాత్రులు విడువక చూచుట ఆనాటి న్యూయార్కునకు అపూర్వము. ఆ నవంబరులోనే ఎమ్మా కేరీ యను స్నేహితురాలికి వ్రాసిన జాబులో, తాను మొట్టమొదటిసారి వోటు వేసితినని, అది అబ్రహాం లింకనుకే వేసితినని తెలిపెను.

అయిదు మాసములు గడచెను. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలలో, ఆ మువ్వురిలో కడపటివాడగు జాన్ విల్క్స్ బూత్ లింకనును తుపాకితో కాల్చెను. ఎడ్విన్ ఆ రాత్రి బోస్టనులో ఆడుచుండెను. తెల్లవారినంతనే అచటి నాటకశాల మేనేజరు ఇక ప్రదర్శనలు నిలుపుట యుచితమని జాబు వ్రాసెను. ఎడ్విన్ ఆనాడే ప్రత్యుత్తరమిచ్చెను. మఱి కొలది దినములకు దేశప్రజలను ఉద్దేశించి బహిరంగలేఖ ప్రకటించెను. ఈ రెండును కలవరపడిన చేతితో వ్రాసినవే యైనను ఒక విషయమున శ్లాఘింపదగినవి: చచ్చినవానికై విలపించెను, చంపినవానిని వెనుకవేసికొని రాలేదు, తన కుటుంబమునకు కరుణ కోరుటలోను హద్దు మీఱలేదు. ఆ తరువాత ఎనిమిది మాసములకు పైగా ముఖము చూపక, 1866 జనవరి 3వ తేదీన మరల హామ్లెట్టుగా రంగమెక్కెను. జనులు లేచి నిలిచి జయధ్వానములు చేసిరి. అయినను వాషింగ్టను నగరమున మాత్రము ఇక జన్మలో నటింపలేదు.

ఆ చీకటి దినములలో ఆతనికి ఊరట గూర్చినదియు ఒక జాబే. యుద్ధకాలమున జెర్సీ నగరపు రైలు స్టేషనులో జనసమ్మర్దమునకు ఒక యువకుడు కదలుచున్న బండికిని తిన్నెకును నడుమ జాఱిపడగా ఎడ్విన్ అతని కోటు మెడపట్టి పైకి లాగెను. ఆ యువకుడు ఎవరో ఆతనికి తెలియదు. అతడు లింకను పెద్దకుమారుడు రాబర్టు! తరువాత బాడో, రాబర్టు ఇద్దరును సేనాధిపతి గ్రాంటు కొలువులో కలసికొనుటచే ఆ సంగతి బాడోకు తెలిసి, ఆతడు మిత్రునకు వ్రాసి పంపెను. తమ్ముడు తండ్రిని చంపెను. అన్న కొడుకును కాపాడెను. ఒక కవి యిట్లు కల్పించినయెడల అతికింపని కల్పనయని విమర్శకులు దూషించియుందురు. రాబర్టు లింకను స్వయముగా 1909లో ఒక జాబున ఈ వృత్తాంతమును ధ్రువపఱచుటచేత నమ్మవలసివచ్చుచున్నది.

1869 ఫిబ్రవరి 3వ తేదీన ఎడ్విన్ న్యూయార్కులో తన పేర కట్టించిన గొప్ప నాటకశాల తెఱచెను. అదే మాసమున, ఆ వేడుక ముగిసి వారమైన దాటకముందే, ఆతడు అధ్యక్షుడు జాన్‌సనుకు ఒక విన్నపము వ్రాసెను. ప్రభుత్వపు స్థలములో పాతిపెట్టబడిన తమ్ముని శవమును ముసలి తల్లికొఱకు ఇప్పింపుమని. గ్రాంటునకు అంతకు పూర్వమే వ్రాసి ఫలము గానలేదు. ఈసారి విన్నపము నెఱవేఱెను. శవమును బాల్టిమోరునందలి కుటుంబ శ్మశానమునకు చేర్చి, పేరు చెక్కని సమాధిలో నుంచిరి. మొగమున రంగు పూసికొని రాత్రి పదునొకండు గంటల వఱకు వేలజనము నెదుట ఆడి, మఱునాడు అట్టి జాబు వ్రాయుటకు కూర్చుండుట ఎట్టిదో ఊహింపదగును.

తమ్ముని పేరు ఆతని నోట వినుట అరుదని మిత్రులందఱు చెప్పుదురు. తమ్ముడు మిగిల్చిన వేషముల పెట్టెను తన నాటకశాల కొలిమిలో ఒక రాత్రి ఒక్కొక్క యుడుపుగా తీసి కాల్పించెనని, ఆనాడు దగ్గఱనున్న పనివాడు వృద్ధుడైన పిమ్మట చెప్పెను. ఆ మౌనమునకు గొప్ప మినహాయింపు ఒక్కటి. 1881లో నేహం కేపెన్ అను పెద్దమనిషి, చరిత్ర నిమిత్తము జాన్‌ను గూర్చి తెలుపుమని కోరగా, జులై 28వ తేదీ జాబులో ఎడ్విన్ వివరముగా ప్రత్యుత్తరమిచ్చెను. తమ్ముడు చిన్ననాట గుఱ్ఱమెక్కి, బల్లెము చేతబట్టి, మేరీలాండు అడవులలో వీరాలాపములు పలుకుచు తిరిగెడివాడని, తలకు మించిన భ్రమలు కలవాడని, లింకనుకు తాను వోటు వేసిన సంగతి చెప్పగా మిక్కిలి నొచ్చుకొని లింకను ఈ దేశమునకు రాజగుననెనని వ్రాసెను. పిదప, అతడు మృదుస్వభావుడనియు, తల్లికి ముద్దుబిడ్డయనియు, అతడు చేసిన పని, అతని చావు ఆమె ప్రాణమును నలిపివైచెననియు వ్రాసెను. చేసిన పాపమును తగ్గించి చెప్పలేదు; చేసినవాడు తనతో కలిసి పెరిగిన పిల్లవాడను మాటను దాచలేదు. పదునాఱేండ్లు మూసియుంచిన నోరు ఒక్కసారి తెఱచి, మరల మూసికొనెను. ఆ సోదరుల కథనంతటిని ఎఱిగిన అక్కగాని పరులుగాని వ్రాసిన గ్రంథములకంటె ఈ ఒక్క జాబు నిష్పక్షపాతమైనదని చెప్పవచ్చును.

అయితే ఎడ్విన్ వ్రాసిన జాబులలో ప్రాణమువంటివి కూతురునకు వ్రాసినవే. తల్లిలేని పిల్ల బంధువుల యింటను, బాలికల పాఠశాలలోను పెరిగెను. తండ్రి తిరుగువాడు. 1874లో ఆ గొప్ప నాటకశాల దివాలా తీసినది. జమకంటె ఖర్చు మిక్కుటమైన చోట ఎంతటి కళయు నిలువనేరదు. అప్పులు తీర్చుటకు మరల ఊళ్లవెంట పడెను. 1876లో దక్షిణ రాష్ట్రముల పర్యటన జరిగెను. దానిని నడిపిన మేనేజరు జాన్ ఫోర్డు. లింకనును కాల్చిన నాటకశాలకు ఆనాటి యజమాని అతడే. ఆ పర్యటనలోనే కెంటకీ రాష్ట్రమునందలి మామత్ గుహను చూచి, ఆ చీకటి గుహలో ఒకచోట నిలిచి హామ్లెట్టు పలుకులు చదివెను. ఆ చోటికి ఆతని పేరు పెట్టిరి. ఇట్టి వింతలను కూతురునకు వ్రాయునపుడు ఆతని కలము బాలుని కలమగును. పరిహాసములు, పెంపుడు జంతువుల మాటలు, లేనిపోని బిరుదములు. ఆ పిల్ల తన చేతితో చేసి పంపిన చిన్న కానుకకు బదులు వ్రాయుచు, బంగారముతో చేసినదైనను తనకింత సంతోషము కలిగెడిది కాదని, విలువలేని వస్తువులు ప్రేమచేత ఎట్లు అమూల్యములగునో పెద్దదానివైన పిమ్మట తెలియునని చెప్పెను. పాఠశాలలోని చదువు, చేవ్రాత, అక్షరదోషములు, చలికి వేసికొనవలసిన దుస్తులు—ఏ తండ్రియైనను ఇంట భోజనపు పీటపై కూర్చుండి పలికెడి మాటలే. ఈతనికి పీట లేదు, కాగితమే యుండెను. పూర్వమొకసారి విప్పక విడిచిన తంతులు ఆతని మనసున మెదలుచుండెనేమో! కూతురు జాబు ఆలస్యమైనచో ఆతడు తల్లడిల్లుట ఈ జాబులలో కనబడుచునే యున్నది.

1869లో చేసికొన్న రెండవ వివాహము సుఖమీయలేదు. పుట్టిన కొడుకు వెంటనే పోయెను. ఆ భార్య మతిస్థిమితము తప్పి 1881 నవంబరులో మరణించెను. 1879లో చికాగో నగరమున రంగముపై నుండగా ఒక యున్మత్తుడు ఆతనిపై రెండుసార్లు తుపాకి కాల్చెను, గుండు తగులలేదు. లండనులో 1881లో హెన్రీ ఇర్వింగ్ అను మహానటునితో ఒథెల్లో, ఇయాగో పాత్రలను మార్చి మార్చి ధరించెను. 1883లో జర్మనీకి పోయి, తాను ఆంగ్లమున, తక్కిన నటులందఱు జర్మను భాషలో పలుకుచుండగా నటించి, వెండి మాలలు బహుమానముగా పొందెను. ఆ విదేశయాత్రలయందు ఎడ్వీనా వెంటనుండెను గనుక ఆమెకు జాబులు లేవు.

1885లో ఎడ్వీనాకు ఇగ్నేషియస్ గ్రాస్‌మన్ అను నాతనితో వివాహమయ్యెను. (తెలుగునాట కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధ నాటకముతో సురభివారి నాటకవంశమునకు బీజము పడినదియు ఆ యేడే. తిరుగు నటుల సంసారము ఎట్టిదో తెలిసికొనవలెనన్న సురభివారి కుటుంబములనడిగిన చాలును. అయితే వారు కుటుంబమునంతయు బండ్లపై వెంటగొనిపోయిరి, బూత్ విడిచిపోవలసివచ్చెను.) కూతురు అత్తవారింటికి పోవుటతో జాబులు మరల దట్టమయ్యెను. 1887 మొదలు లారెన్స్ బారెట్ అను సహనటునితో కలిసి, రైలుబండిలోనే కాపురముండి, తూర్పు తీరమునుండి పడమటి తీరము వఱకు తిరిగెను.

1888 జనవరిలో వ్రాసిన జాబొకటి గ్రంథాలయమునకు వచ్చిపోవువారు ప్రత్యేకముగా తెలియదగినది. అప్పటికి ఆతనికి ఏబది నాలుగేండ్లు. కీర్తికి కొదవలేదు. ఆ జాబులో ఆతడు తాను ఫలానా మహావిద్యాలయమున గ్రీకు, లాటిను భాషలలో అందఱిని మించినవాడనని ఆరంభించి, అయితే ఒక చిన్న చిక్కు వచ్చినదని, తాను స్వప్నమున దప్ప అచట ఎన్నడును చదువలేదని పరిహసించెను. వెంటనే పరిహాసము విడిచి, చదువు కలవానికి ఎంత యంతులేని లోకము తెఱచియుండునో యని తాను ఎన్నిసార్లు తలపోసితినో చెప్పెను. భాషాంతరీకరణములెంత మంచివైనను మూలములోని రుచిని పూర్తిగా ఈయవని చింతించెను. తన బ్రతుకులోని తీపి చేదుతో కలిసినదని, ఇది జబ్బుచేత పలుకు మాట కాదని కూతురునకు నచ్చజెప్పెను. షేక్స్పియరు మాటలను జీవితమంతయు కంఠస్థము చేసి పలికినవాడు, లక్షలజనముచే పండితునివలె పూజింపబడినవాడు, బడి లేకపోయెనే యని లోన కుమిలిపోయెను. దీనిని చదివి నవ్వువారు నవ్వవచ్చును. పగలెల్ల పొలమునందో కచ్చేరీయందో పనిచేసి రాత్రి లాంతరు ముందఱ పుస్తకము విప్పి, అర్థము కాని పదమునకు నిఘంటువు లేక చింతించినవారికి మాత్రము నవ్వు రాదు.

ఆ జాబులోనే ఇంకొక సంగతి కలదు. నటులు, చిత్రకారులు, ఇతర పెద్దమనుష్యులు కలిసికొనుటకు ఒక సమాజము స్థాపించు ఆలోచన జరుగుచున్నదని. ఆ మాట ఏడాది తిరుగకముందే నెఱవేఱెను. న్యూయార్కులో గ్రామర్సీ ఉద్యానమున 16వ నంబరు భవనమును ఆతడు తన సొమ్ముతో కొని, బాగుచేయించి, తన పుస్తకములు, చిత్రపటములతో సహా 1888 డిసెంబరు 31వ తేదీ రాత్రి 'ప్లేయర్సు' అను ఆ సమాజమునకు ధారపోసెను. నాటకరంగ చరిత్రకు సంబంధించిన గ్రంథాలయము ఏర్పఱచుట ఆ సమాజపు ఉద్దేశములలో నొకటి. తనకు మేడమీద రెండు గదులు మాత్రము ఉంచుకొనెను. తనవలె బడిలేక ఊళ్లు తిరుగు నటులకు చదువుకొను చోటు కావలెనని ఆతడు తలచుటలో వింత లేదు.

చదువు లేదని కుందిన ఆ మనుష్యుని వ్రాతకు పండితుల గ్రంథమున స్థానము దొరకినది. ఫిలడెల్ఫియాలో హోరెస్ హోవర్డ్ ఫర్నెస్ అను షేక్స్పియరు పండితుడు పాఠాంతరములతో, సకలవ్యాఖ్యలతో నాటకములను పరిష్కరించి ప్రకటించుచుండెను. మన మల్లినాథుని శ్రమవంటిది ఆయన శ్రమ. ఆయనకు చెవుడు, రంగముపై మాట వినుటకు కష్టము. ఏ పలుకు ఎట్లు పలుకవలెనో, ఎచట నిలువవలెనో, చూపు ఎటు త్రిప్పవలెనో బూత్ వ్రాసి పంపగా ఆయన 1886లో ఒథెల్లోకును, 1888లో వెనీసు వర్తకునికిని తన వ్యాఖ్యలలో చేర్చెను. ఇయాగో అను దుర్మార్గుని గూర్చి బూత్ వ్రాసినది నాటకములాడు యువకులు తప్పక గ్రహింపదగినది. దుర్మార్గుని వేషము వేసినవాడు మొగము చిట్లించి, గుఱ్ఱుమని చూడరాదు. ఇతర పాత్రలకు ఎట్టి నమ్మకస్థునివలె కనబడుచున్నాడో అట్లే కనబడవలెను. దుర్బుద్ధి తలపులోనే యుండవలెను. చూచువారికి గూడ వాడు నిజాయితీపరుడేమోయని భ్రమ కలుగవలెనని ఆతని మతము. శకుని వేషమునకు తెరవెనుకనుండియే వికటాట్టహాసము చేయు నటులు చాలమంది కలరు. అట్టి నవ్వు విన్న పిమ్మట ధర్మరాజు జూదమునకు కూర్చుండెనన్న తెలివితక్కువ ధర్మరాజునకు అంటును గాని శకునికి గొప్ప రాదు.

1890లో కూతురు కోరికపై ఒథెల్లోలోని కొన్ని పలుకులను ఎడిసను కనిపెట్టిన శబ్దయంత్రమున పలికెను. ఆ ముద్రణము నిలిచియున్నది. కంఠస్వరము పొట్టుచాటున గింజవలె అస్పష్టముగా వినవచ్చును. 1891 మార్చిలో బారెట్ ఆట నడుమ జబ్బుపడి రెండు దినములకు మరణించెను. ఏప్రిల్ 4వ తేదీన బ్రూక్లిన్‌లో హామ్లెట్టుగా నటించుటతో ఎడ్విన్ బూత్ రంగస్థలమును విడిచెను.

ఆతడు మరణించిన మఱుసటి యేడే, 1894లో, ఎడ్వీనా తండ్రిని గూర్చిన తన జ్ఞాపకములతోపాటు ఆతడు తనకును స్నేహితులకును వ్రాసిన జాబులను గ్రంథముగా ప్రకటించెను. స్వవిషయములను లోకమునకు పంచుట తగునాయని ఆనాడు కొందఱికి సందేహము కలిగియుండవచ్చును. జీవించియుండగా పత్రికలకు దూరముగా మెలగిన మనుష్యుని అంతరంగమును అచ్చువేయుట చిన్న సాహసము కాదు. కాని ఆమె చేయకున్నచో జరుగునది వేఱు. తమ్ముని పాపపు నీడలోనే అన్న పేరు నిలిచియుండెడిది. తండ్రి త్రాగుబోతుతనపు దినములను ఆమె మెత్తగా దాటవేసినది నిజము; కూతురునకు ఆ మాత్రము హక్కు కలదు. మిగిలినది పరిశోధకులు పూరించిరి. 1939లో ఆటిస్ స్కిన్నర్ అను నటుడు మఱికొన్ని జాబులను, 1971లో డేనియల్ వాటర్‌మయర్ అను పండితుడు విమర్శకుడు విలియం వింటరునకు బూత్ వ్రాసిన జాబులను వెలువరించిరి. 1957లో ప్లేయర్సు భవనమున బూత్ పేరు, వాల్టర్ హాంప్డెన్ అను నటుని పేరు కలిపి గ్రంథాలయము నెలకొనెను.

రంగము విడిచిన పిదపటి రెండేండ్ల జాబులు చాల కొలది. ఆతడు గ్రామర్సీ భవనమునందలి తన గదిలోనే యుండెను. ఊళ్లు తిరుగుట లేదు. ఎడ్వీనా పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి చూచిపోవుచుండెను. 1893 జూన్ 7వ తేదీ రాత్రి ఆతడు కన్నుమూయునపుడు ఆమె మంచము చెంతనే యుండెను.